మెట్లెక్కిన మోకాళ్ళు చాలవు

అలిపిరి నుంచి 3,550 మెట్లు ఏకబిగిన ఎక్కగలిగినవారికి ఏ పర్వతమైనా లొంగుతుందన్న నమ్మకం మన పూతలపట్టు, చిత్తూరు ప్రాంతాలలో బలంగా ఉన్నది. ఈ నమ్మకమే పెట్టుబడిగా "అయిదు రోజులలో కిలిమంజారో" వంటి యాత్రలు అమ్ముడుపోతున్నాయి. ఆ బేరాన్ని నేను వైద్యుడిగా వ్యతిరేకిస్తున్నాను.

తిరుమల ఆలయం ఉన్న ఎత్తు వెయ్యి మీటర్ల లోపే. కిలిమంజారో శిఖరం 5,895 మీటర్లు. గాలిలో ఆక్సిజన్ పాలు అక్కడా 21 శాతమే; కానీ 5,500 మీటర్ల వద్ద వాయుపీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సగానికి పడిపోతుంది. ఆ కొరతకు ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, రక్తం అలవాటు పడడానికి రోజులు పడుతుంది. వ్యాయామం ఈ గడువును తగ్గించదు. పైగా దృఢకాయులే తొందరగా నడిచి, తొందరగా జబ్బుపడే ప్రమాదం ఉన్నది.

అందుకే 3,000 మీటర్లు దాటాక, రాత్రి నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలనీ వైద్యులు చెబుతారు. కిలిమంజారోపై మరంగు దారిలో అయిదు రోజుల యాత్రను చూడండి. మజిలీలు వరుసగా సుమారు 2,700, 3,700, 4,700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. రాత్రికి వెయ్యి మీటర్లు! ఇది ఏ వైద్య సూత్రానికి లోబడిన ప్రణాళిక?

"ఎందరో అలాగే ఎక్కి వచ్చారు కదా" అంటారు. హెల్మెట్ లేకుండా తిరుపతికి పోయి క్షేమంగా తిరిగివచ్చేవారూ ఎందరో ఉన్నారు. అంతమాత్రాన హెల్మెట్ అనవసరమవుతుందా?

"పదమూడేళ్ళ పూర్ణ ఎవరెస్టు ఎక్కలేదా" అనేవారూ ఉన్నారు. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఆ శిఖరం చేరింది నిజమే. కానీ భువనగిరి గుట్టపైనా, డార్జిలింగ్‌లోనూ, లడఖ్ మంచులోనూ శిక్షణ పొందిన తరువాతనే. ఫలితాన్ని చూపి, ఆ శ్రమను దాచడం న్యాయం కాదు.

డయామాక్స్ మాత్ర శరీరం అలవాటు పడడానికి తోడ్పడుతుంది. తగ్గించిన రోజులకు అది పరిహారం కాజాలదు. సల్ఫా మందులు పడనివారు, రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని సంప్రదించకుండా బయలుదేరరాదు.

తలనొప్పి, వాంతి, నీరసం వస్తే అక్కడే ఆగండి. తగ్గేవరకు పైకి పోకండి. కూర్చున్నా ఆయాసం, విడవని దగ్గు, అడుగు తడబడడం, మాట పొంతన తప్పడం కనిపిస్తే రాత్రయినా సరే, తోడు మనిషితో వెంటనే కిందికి దిగాలి. ఊపిరితిత్తులలోనో మెదడులోనో నీరు చేరుతున్నదనడానికి అవి గుర్తులు. ఆలస్యం ప్రాణాంతకం.

కనుక డబ్బు కట్టేముందు అడగండి: ఏ రాత్రి ఎంత ఎత్తులో నిద్ర? ఆగే రోజులెన్ని? ఒకరు జబ్బుపడితే వెంట దిగేదెవరు? సూటిగా జవాబు చెప్పలేనివారికి రూపాయి ఇవ్వకండి.

తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా! రికార్డు కోసం బిడ్డను పంపుతూ ముందుగానే సన్మానసభకు పూలదండలు పురమాయించకండి. ఆ జవాబులను ముందు కాగితంపై రాయించుకోండి.