777 అనే మంత్రం

"పర్మిషన్ డినైడ్" కనబడగానే మనవాళ్ళు చదివే మంత్రం సీహెచ్‌మాడ్ 777. పనైపోతుంది, నిజమే. కానీ ఆ మూడో 7 ఎవరికిచ్చినట్టు? ఆ సర్వర్లో లాగిన్ ఉన్న ప్రతివాడికీ! వెబ్ సర్వర్‌కి ఒక్క కన్నం పడితే చాలు, దొంగ మన కోడ్ తిరగరాసేస్తాడు.

ఓపెన్ ఎస్ఎస్‌హెచ్‌ని చూడండి. మన ప్రైవేట్ కీ ఇతరులు చదివేలా ఉంటే దాన్ని ముట్టుకోనంటుంది. నా ఉద్దేశంలో మనమూ అంత మొండిగానే ఉండాలి. ఫైలు అవసరమైనవాళ్ళని ఒక గ్రూపులో వేసి, ఫైళ్ళకి 660, డైరెక్టరీకి 2770 ఇస్తే సరి (ఆ 2 వల్ల అందులో పుట్టే కొత్త ఫైళ్ళకీ అదే గ్రూపు వస్తుంది).

డెడ్‌లైన్ అంటారా? తాళంచెవి వెతకడానికి బద్ధకించి తలుపే ఊడబీకినట్టుంది యవ్వారం!