అయిదెకరాలు ఎవరు దున్నారు?

మన సినిమావాళ్ల దృష్టిలో రాయలసీమ వానలేని నేల కాదు, వాన అక్కర్లేని నేల. అక్కడ నెత్తురు కురిపిస్తే చాలు, పెట్టుబడి పండుతుంది. 1999లో ‘సమరసింహారెడ్డి’తో రుచి తెలిసిన ఈ సేద్యం 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’లతో మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగింది. ‘ఇంద్ర’లో నీళ్ల ప్రస్తావన వున్న మాట నిజమే. కాని అక్కడ నీళ్లు కూడా ఒక వీరుడి త్యాగఫలంగా వస్తాయి తప్ప, జనం అడిగి తెచ్చుకున్న హక్కుగా కాదు. ఈ కత్తుల సినిమాలను తిట్టి చేతులు దులుపుకోవడం మనకు అలవాటయింది. నేను వాటిని గురించి రాయబోవడం లేదు. మనల్ని నవ్వించిన సినిమాను గురించి, ‘ఇది మాత్రం ఫరవాలేదు’ అని మనలో చాలామంది ఒప్పుకున్న సినిమాను గురించి రాస్తున్నాను.

2010లో యస్.యస్. రాజమౌళి తీసిన ‘మర్యాద రామన్న’ కథ పాఠకులు ఎరిగినదే. హైదరాబాదులో పాత సైకిలు తొక్కుకుంటూ సరుకులు చేరవేసే రాముకు వున్న కాస్త పనీ పోతుంది. ఆటో కొనుక్కుంటే గాని బ్రతుకు తెరువు లేదు. అంతలో సీమలో తండ్రి తాలూకు అయిదెకరాల పొలం వున్నదని తెలుస్తుంది. అమ్ముకుందామని రైలెక్కుతాడు. తీరా అతను చేరింది తన తండ్రి వంశంమీద పగబట్టి కూర్చున్న రామినీడు ఇంటికి. ఆ ఇంట గడప లోపల నెత్తురు చిందకూడదని కట్టుబాటు. లోపల వున్నంతసేపు విస్తరి నిండా భోజనం, బయట అడుగు పెడితే చావు.

ఈ చిత్రంలో మంచి లేదని అంటే అది మొండి విమర్శ అవుతుంది. తొడగొట్టే వారసుడి స్థానంలో, ప్రాణభయంతో వణికే ఒక పేదవాణ్ణి, అదీ అంతవరకు హాస్యపాత్రలు వేస్తూ వచ్చిన సునీల్‌ను నిలబెట్టడం చిన్న విషయం కాదు. ఆ గడపను చూడండి. అతిథికి స్వహస్తాలతో వడ్డించే పెద్దమనిషే, అతను వీధిలోకి ఎప్పుడు వస్తాడా అని కత్తి నూరించి పెట్టుకుంటాడు. భూస్వామ్య మర్యాద గుట్టు ఇంత తేటగా బయటపెట్టిన దృశ్యం తెలుగు తెరమీద అరుదు. దీన్ని చివరికంటా లాగివుంటే గొప్ప వ్యంగ్యచిత్రం అయివుండేది. లాగలేదు. నాయిక ప్రేమతో పగ చల్లబడింది, పెద్దమనిషి మనసు మారింది, ఆ కుటుంబం పెత్తనం మాత్రం చెక్కుచెదరకుండా వున్నది. మన జానపద కథల్లో మర్యాద రామన్న అంటే తీర్పరి. ఇక్కడ ఆయన పేరు వాడుకున్నారు గాని, తీర్పు చెప్పవలసిన చోట వాయిదా వేశారు.

అసలు ప్రశ్న అది కూడా కాదు. ఆ అయిదెకరాలు ఏమిటి?

ఈ కథకు మాతృక 1923లో బస్టర్ కీటన్ తీసిన ‘అవర్ హాస్పిటాలిటీ’ అనే అమెరికన్ మూకీచిత్రం. అందులోనూ కుర్రవాడు తండ్రి ఆస్తికోసం రైలెక్కుతాడు. మహా సౌధం దొరుకుతుందని కలలు కంటాడు. తీరా చూస్తే అది కూలబోతున్న గుడిసె. ఆస్తి అనే భ్రమను కీటన్ ఒక్క దెబ్బతో నవ్వులపాలు చేశాడు. మనవాళ్లు పగను తెచ్చుకున్నారు, గడపను తెచ్చుకున్నారు, రైలును తెచ్చుకున్నారు. ఈ చురకను మాత్రం అక్కడే వదిలేశారు. మన కథలో అయిదెకరాలు ఆటో ఖరీదుకు మారుపేరు, అంతే.

పసికందుగా వూరు విడిచిన పిల్లవాడు పెరిగి పెద్దవాడై తిరిగి వచ్చేదాకా ఆ పొలం ఏమయింది? ఎవరో దున్నివుండాలి. ఎర్రనేలలో గొర్రు పట్టి శెనక్కాయ విత్తివుండాలి. వూడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే ఆకాశం వంక చూసివుండాలి. ఆ మనిషి తెరమీదికి రాడు. అతని పేరు కౌలుదారు. అప్పు పట్టాదారు పేరున పుడుతుంది, బీమా పట్టాదారు పేరున వస్తుంది, నష్టం మాత్రం కౌలుదారు పేరున మిగులుతుంది. ఈ సినిమా వచ్చిన మరుసటి ఏడు, 2011లో, సాగుదారులకు రుణార్హత కార్డులు ఇవ్వడానికి చట్టం చేశారు. 2019లో దాని స్థానంలో మరొక చట్టం తెచ్చారు. దాని ప్రకారం కార్డు కావాలంటే భూయజమాని సంతకం చెయ్యాలి. అంటే, పట్నంలో వున్న రామును వెతికి పట్టుకుని, ‘అయ్యా, ఒక సంతకం’ అని కౌలుదారు బతిమాలుకోవాలి! ఆ రాము కూడా కూలివాడే. సైకిలు తొక్కేవాడి కష్టాన్ని చూపించి కన్నీరు పెట్టించగలిగిన రచయితకు, అతను పొలం అమ్మితే రోడ్డున పడే రెండవ కష్టజీవి ఎందుకు కనిపించలేదు? ఇద్దరు నిర్భాగ్యులను ఒకే అయిదెకరాల గట్టుమీద నిలబెడితే పుట్టే నాటకం కత్తులలో పుడుతుందా?

అనంతపురం పీఠభూమిలో ఏటా సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. సగటు అనేది వట్టి లెక్క. ఒకే వారంలో కుంభవృష్టిగా కురిసి, పంట అడిగినప్పుడు చుక్క రాలకపోయినా లెక్క సరిపోతుంది. బోరు వేసి, అది ఎండితే ఇంకా లోతుకు వేసి, అప్పులపాలై పొలం వదిలి బెంగుళూరుకు కూలికి పోయినవాళ్లు ప్రతి వూళ్లో వున్నారు. హంద్రీ-నీవా ద్వారా కృష్ణ నీళ్లు 2012లో జీడిపల్లి జలాశయానికి చేరాయి. కాలువ వచ్చిన తరవాత కూడా, పొలానికి పిల్లకాలువ కోసం రైతులు ఏళ్ల తరబడి ధర్నాలు చేయవలసి వచ్చింది. సింగమనేని నారాయణ ఇక్కడి శెనక్కాయ సేద్యాన్ని గురించి రాసిన కథకు ‘జూదం’ అని పేరు పెట్టారు. కథకుడికి కనిపించిన మనిషి కెమెరాకు కనిపించకపోవడానికి కరువు కారణం కాదు.

‘హాస్యచిత్రంలో అర్థశాస్త్రం వెతుకుతారేమిటి?’ అని మిత్రులు అడగవచ్చు. వెతికింది నేను కాదు. నాయకుణ్ణి పొలం అమ్మడానికి రైలెక్కించింది ఆ కథే. పొలంతో మొదలుపెట్టిన కథను పొలం సంగతి అడగడం తప్పెట్లా అవుతుంది?

సీమ లేకపోయినా ఈ కథకు లోటు రాదనడానికి దాని యాత్రే సాక్ష్యం. 2011లో కన్నడానికి, బెంగాలీకి పోయింది. 2012లో ‘సన్ ఆఫ్ సర్దార్’ పేర హిందీలో పంజాబుకు పోయింది. 2014లో సంతానం నాయకుడుగా ‘వల్లవనుక్కు పుల్లుం ఆయుధం’ అయి తమిళ పల్లెలో వెలిసింది. నేర్పరికి గడ్డిపోచ కూడా ఆయుధమేనని ఆ సామెతకు అర్థం. ఆ గడ్డి మొలిచిన నేల ఎవరిదని అక్కడా అడగలేదు. 2015లో మలయాళం. ఇన్ని చోట్లకు తలపాగా మార్చుకుని పోగలిగిన వూరు మొదట్లో మాత్రం మన వూరు ఎట్లా అయింది? సీమ అనేది అక్కడ వేషం మాత్రమే. కాని ఆ వేషం తాలూకు మచ్చ మన పిల్లల మొహాన మిగిలింది. పట్నంలో ఒక హాస్టలులో చేరిన నా శిష్యుణ్ణి మొదటి రాత్రే అడిగారట, ‘మీ ఇంట్లో బాంబులు ఎన్ని వున్నాయిరా?’ అని. వాళ్ల నాన్న కౌలురైతు. ఇంట్లో వున్నవి రెండు గొర్రెలు.

చివరి ఘట్టంలో నాయిక నదిలోకి దూకుతుంది, ఆమె కోసం నాయకుడూ దూకుతాడు. నేను ఈ బొమ్మ అనంతపురంలోనే చూశాను. తెరనిండా నీళ్లు కనబడగానే నా వెనక వరసలో తలగుడ్డ చుట్టుకున్న ఒక ముసలాయన పక్కవాడితో పైకే అన్నాడు: ‘ఒరే, ఇన్ని నీళ్లు యాడివిరా?’

ఆ వేళ హాలులో అన్నిటికన్న పెద్ద నవ్వు దానికే వచ్చింది.