బండి కబుర్లు: ముందు డిఫరెన్షియల్ మార్చాలంటే

ఉగాది వచ్చింది. అక్కడ మామిడి పూత, వేప పూత. ఇక్కడ డ్రైవ్‌వే పక్కన నల్లబడి ఇంకా కరగని మంచు కుప్ప. అయినా మనకూ ఇది కొత్త సంవత్సరమే, ముఖ్యంగా బండ్లకు. ఐదారు నెలలు ఉప్పు నీళ్ళలో నానిన బండి అడుగున ఏం మిగిలిందో చూసుకునే సమయం ఇదే.

ఈ మధ్య మన సంఘంలో పికప్‌లు, ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు ఎక్కువయ్యాయి. దానితోపాటు ఒక ప్రశ్న కూడా ఎక్కువైంది. "ఫోర్ వీల్‌లో పెడితే ముందు నుంచి మోత వస్తోందండీ. ముందు డిఫరెన్షియల్ పోయిందంటున్నారు. పదేళ్ళు దాటిన బండి. అంత డబ్బు పెట్టడమా, అమ్మేయడమా, మనమే మార్చుకోవడమా?"

ముందు అది నిజంగా డిఫరెన్షియలేనా అని చూడండి. చాలా పికప్‌లలో టూ వీల్‌లో నడిచేటప్పుడు ముందు గేర్లకు పని ఉండదు. మోత ఎప్పుడూ వస్తూ, స్టీరింగ్ ఒక పక్కకు తిప్పినప్పుడు పెరిగి ఇంకో పక్కకు తిప్పినప్పుడు తగ్గుతుంటే అది హబ్ బేరింగ్. మలుపులో టకటకమంటే సీవీ జాయింట్. ఫోర్ వీల్‌లో పెట్టినప్పుడు మాత్రమే ఊళ పెడుతూ, యాక్సిలరేటర్ వదిలితే ఆ ఊళ శ్రుతి మారుతుంటే అనుమానం డిఫరెన్షియల్ మీదే. కింది బిరడా విప్పితే ఆయిల్‌లో ఇనుప ముక్కలు కనిపించాయా, ఇక అనుమానం కూడా లేదు.

అసలు ఇది చేసే పనేమిటి? బడిలో ఎన్.సి.సి. కవాతు గుర్తుందా? వరుస మొత్తం మలుపు తిరిగేటప్పుడు లోపలివాడు ఉన్నచోటే అడుగులు వేస్తాడు, బయటివాడు పెద్ద అంగలు వేస్తాడు. బండి చక్రాలూ అంతే. రెండూ ఒకే ఇరుసుకు బిగిసిపోయి ఉంటే మలుపులో ఏదో ఒకటి ఈడ్చుకుంటూ పోవాలి. ఈ చిక్కు విప్పే గేర్లకు 1828లోనే ఫ్రాన్స్‌లో ఒనేసిఫోర్ పెక్కర్ అనే ఆయన ఆవిరి బండి కోసం పేటెంట్ తీసుకున్నాడు. మన బెజవాడ ఆటోనగర్‌లో క్రౌను, పినియన్ అనే వాటినే ఇక్కడ రింగ్ గేర్, పినియన్ అంటారు.

మనలో చాలామందికి ఫోర్ వీల్ డ్రైవ్ పరిచయమైంది తాసిల్దారు గారి జీపుతోనే. అంతకు ముందే కెనడాకూ మనకూ ఇరుసుల చుట్టరికం ఉందని చాలామందికి తెలియదు. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడా ఫ్యాక్టరీలు 8 లక్షలకు పైగా సైనిక వాహనాలు తయారుచేశాయి. భారత సైన్యం కోసం టాటానగర్‌లో కట్టిన కవచం బండ్లకు కింద ఉన్నది ఫోర్డ్ కెనడా వారి ఫోర్ వీల్ చాసిసే.

ఆ జీపులో ముందు ఇరుసు అటు నుంచి ఇటు ఒకే గొట్టం. గేర్లు దాని కడుపులోనే ఉంటాయి. ఇప్పటికీ జీప్ రాంగ్లర్‌ది అదే పద్ధతి. అందులో గేర్లు మార్చాలంటే పళ్ళ మధ్య సందును అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన సన్నటి రేకులు వేసి సరిచేయాలి. అది చేయి తిరిగినవాడి పని, వాడికే వదిలేయండి. ఇప్పటి పికప్‌లలో చాలావాటికి డిఫరెన్షియల్ ఒక విడి డబ్బాలాగా ఫ్రేముకు బోల్టులతో బిగించి ఉంటుంది. లోపలి గేర్ల జోలికి పోకుండా డబ్బాకు డబ్బా మార్చేయవచ్చు. స్క్రాప్ యార్డులో మంచిది దొరికితే ఇంట్లో ఇద్దరు మనుషులు శని, ఆదివారాల్లో చేయగలిగిన పనే ఇది.

స్పానర్ పట్టే ముందు సుత్తి పట్టండి. కెనడా రోడ్ల మీద ఏటా సుమారు 50 లక్షల టన్నుల ఉప్పు పడుతోంది. అది ఫ్రేములోకి ఎక్కి లోపలి నుంచి తింటుంది. ఫ్రేము పొడవునా తట్టి చూడండి. ఖంగుమంటే సరే. డబ్‌మని పెచ్చులు రాలితే, సుత్తి మొన దిగబడితే, ఆ బండికి డిఫరెన్షియల్ పెట్టడం కూలబోయే గోడకు సున్నం వేయడమే. పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద వెళ్ళే బండి సంగతి ఇది. అప్పుడు అమ్మడం కూడా కాదు, తుక్కుకు ఇవ్వడమే ధర్మం.

ఫ్రేము బాగుంటే తర్వాతది గేరు నిష్పత్తి. మన వాళ్ళు లెక్కల్లో గట్టివాళ్ళే గాని, యార్డులో బేరం కుదిరిన ఉత్సాహంలో ఈ ఒక్క లెక్కా మర్చిపోతారు. రింగ్ గేరుకు 41 పళ్ళు, పినియన్‌కు 11 పళ్ళు ఉంటే 3.73. పినియన్‌కు 10 ఉంటే 4.10. వెనక ఏ నిష్పత్తి ఉందో ముందూ అదే ఉండాలి. లేకపోతే రెండెడ్లూ చెరో నడక నడిచే బండి అవుతుంది, ఆ పోట్లాటలో విరిగేది మధ్యలో ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసు. పాత జీఎం పికప్‌లలో గ్లవ్ బాక్స్ లోపలి స్టిక్కర్ మీద జీయూ6 అంటే 3.42, జీటీ4 అంటే 3.73, జీటీ5 అంటే 4.10. యార్డు వాడి మాట మీద నమ్మకం లేకపోతే చిన్న చిట్కా ఉంది. ఒక పక్క షాఫ్టును కదలకుండా పట్టుకుని రెండో పక్కది సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. పినియన్ ఎన్ని చుట్లు తిరిగితే అదే నిష్పత్తి. ఒక పక్క షాఫ్టును విడదీసే యాక్చుయేటర్ ఉన్న రకమైతే ముందు దాన్ని కలిపి తిప్పాలి.

ఇక పని. తుప్పు పట్టిన బోల్టులకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. వెనక చక్రాలకు అడ్డాలు పెట్టి, ఫ్రేము కింద స్టాండ్లు వేసి, బండిని రెండు చేతులతో గట్టిగా ఊపి చూశాకే కిందకు దూరండి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. కంకర డ్రైవ్‌వే అయితే స్టాండ్ల కింద మందపాటి ప్లైవుడ్ వేయండి. చలిగా ఉందని తలుపు మూసిన గరాజ్‌లో ఇంజను స్టార్ట్ చేయవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. నేను ఈ శీర్షికలో ఏ పనికైనా రాసే మాటే మళ్ళీ రాస్తున్నాను: ఇంట్లో మనిషికి చెప్పకుండా బండి కిందకు వెళ్ళకండి.

పాత ఆయిల్ దింపే ముందు, కొత్తది పోసే పై బిరడా విప్పండి. కిందది విప్పి మొత్తం కార్చాక పైది ఊడలేదంటే బండి అక్కడే కూర్చుంటుంది. గేర్ ఆయిల్‌లో గంధకం ఉంటుంది, మన ఇంగువలోనూ ఉంటుంది. ఇంగువ మాత్రం పోపులో బాగుంటుంది. పాత బట్టలు వేసుకోండి, వాటిని వాషింగ్ మెషిన్‌లో మిగతావాటితో కలిపి వేయకండి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పే ముందు రెండు వైపులా పెయింటుతో గీత పెడితే, ఎలా ఉన్నది అలాగే తిరిగి బిగించవచ్చు. సీవీ షాఫ్టులు విప్పాక వేలాడనీయకుండా తీగతో పైకి కట్టండి. గాలి గొట్టం, యాక్చుయేటర్ వైరు తీశాకే ఫ్రేము బోల్టులు. ఆ డబ్బా పొట్ట మీద దించుకునే బరువు కాదు. ట్రాన్స్‌మిషన్ జాక్ అద్దెకు తెచ్చుకుని, ఒకరు పట్టుకోగా ఇంకొకరు దించాలి. యార్డు నుంచి తెచ్చినది బల్ల మీద ఉండగానే ఆయిల్ సీళ్ళు కొత్తవి వేయండి. ఎక్కించాక కారితే మళ్ళీ ఇదంతా మొదటికి.

బిగించేటప్పుడు టార్క్ రెంచి వాడండి, అంకెలు మీ బండి మాన్యువల్‌లో చూడండి. బండి సమంగా ఉండగా పై రంధ్రం నుంచి చుక్క కారేదాకా ఆయిల్ పోయాలి. పరీక్షకు పొడి తారు రోడ్డు పనికిరాదు. పార్ట్ టైమ్ ఫోర్ వీల్ బండిని అక్కడ తిప్పితే కొత్తది కూడా పాతదాని దారే పడుతుంది. కంకర రోడ్డు మీదో, మిగిలిన మంచు మీదో నెమ్మదిగా ఫోర్ వీల్‌లో పెట్టి చూడండి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ కిందకు దూరి బోల్టులు, సీళ్ళు చూసుకోండి. తీసిన ఆయిల్‌ను మూత ఉన్న డబ్బాలో పోసి మీ ఊరి మునిసిపాలిటీ వారి ప్రమాదకర వ్యర్థాల డిపోలో ఇవ్వండి, రోడ్డు పక్క మురుగు జాలీలో పోయకండి.