గర్భిణి తలనొప్పిని ఓర్పుకు వదిలేయకండి



గర్భిణులు ఏం తినాలి, ఎంతసేపు నడవాలి అని పత్రికల్లో తరచూ చదువుతూనే ఉంటాం. పార్శ్వపు తలనొప్పి (మైగ్రేన్) ఉన్న పిల్ల ఆ తొమ్మిది నెలలూ ఎలా నెట్టుకురావాలో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. మైగ్రేన్ మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ, అదీ పిల్లల్ని కనే వయసులోనే ఎక్కువ. వాళ్లకు మన ఇళ్లలో దొరికే సలహా ఒక్కటే: "కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలే, ఓర్చుకో. మందు మింగితే బిడ్డకు పడదు." ఈ సలహా తప్పనీ, ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుందనీ చెప్పడానికే ఈ ఉత్తరం.

మా అమ్మాయికి ఇంటర్ చదివే రోజుల నుంచీ ఈ నొప్పి ఉంది. వేవిళ్లతో నీరసించిపోతోందని మూడో నెలలో మా ఇంటికి తీసుకొచ్చుకున్నాం. వంటింట్లో పోపు వేస్తే చాలు, ఆ ఘాటుకే ఎడమ కణతలో మొదలయ్యేది. కిటికీలు మూసి, చున్నీ తలకు బిగించి కట్టుకుని, గోడవైపు తిరిగి పడుకునేది. ఫ్యాన్ చప్పుడు కూడా భరించలేకపోయేది. తిన్న ఇడ్లీ సరే, తాగిన మంచినీళ్లు కూడా నిలిచేవి కావు. చూడవచ్చినవాళ్లు మంచం పక్కన కూర్చుని, మాత్రల జోలికి వెళ్లొద్దని గట్టిగా చెప్పి వెళ్లేవాళ్లు. తిండి లేక, నీళ్లు నిలవక, నిద్ర లేక తల్లి చిక్కిపోతుంటే కడుపులో బిడ్డకు అది మేలెలా అవుతుందో ఒక్కరూ ఆలోచించలేదు.

ఈ నొప్పికి డాక్టర్లు ముందుగా చెప్పే మందు పారాసిటమాల్. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ దానికీ పిల్లల ఆటిజానికీ ముడిపెట్టి మాట్లాడాక ఆ భయం ఇక్కడి ఇళ్లలోకీ వచ్చింది. అలా తేల్చి చెప్పేందుకు ఆధారాలు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వారంలోనే ప్రకటించింది. స్వీడన్‌లో 1995 నుంచి 2019 దాకా పుట్టిన దాదాపు 25 లక్షల మంది పిల్లల వివరాలు పరిశీలించి 2024లో ఒక అధ్యయనం వెలువరించారు. ఒకే తల్లి కన్న పిల్లలను ఒకరితో ఒకరిని పోల్చి చూసినప్పుడు ఆ మాత్రకూ ఆటిజానికీ సంబంధం కనబడలేదు. డాక్టరు చెప్పిన మోతాదులో, అవసరమైనన్ని రోజులే వాడాలన్న నియమం ఎలాగూ ఉంది. మరీ తరచుగా మింగితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి. దానితో తగ్గకపోతే గర్భిణులకు ఇవ్వగల మందులు ఇంకా ఉన్నాయి, అవి డాక్టరు రాయాల్సినవి.

ఓర్చుకోలేని పిల్ల చివరికి చేసే పని ఇంట్లో ఎవరినో మెడికల్ షాపుకు పంపించడం. అసలు భయపడాల్సింది అక్కడ. ఎర్గోటమిన్ కలిసిన మైగ్రేన్ మాత్రలు రక్తనాళాలను బిగిస్తాయి, గర్భసంచినీ బిగిస్తాయి, గర్భిణులు వాటిని ముట్టకూడదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు 20 వారాలు దాటాక బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీసి ఉమ్మనీరు తగ్గించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో హెచ్చరించింది. తలనొప్పి మాత్ర అడిగినవాళ్లను "ఎవరికండీ, కడుపుతో ఉన్నారా?" అని షాపులో ఒక్క మాట అడిగితే ఎంత మేలు! నొప్పి రాకుండా రోజూ వేసుకునే మందుల్లో వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ బిడ్డకు అవయవ లోపాలు తేగలవు. కాబట్టి పెళ్లి కుదిరిన అమ్మాయి అప్పుడే తన డాక్టరుతో మాట్లాడి మందు మార్పించుకోవాలి, నెల తప్పాక కంగారుపడితే ఆలస్యమైపోతుంది.

చాలామందికి మూడో నెల దాటాక ఈ నొప్పి తగ్గుముఖం పడుతుంది. ఈస్ట్రోజెన్ ఎగుడుదిగుడులు లేకుండా నిలకడగా పెరగడమే కారణమంటారు. మా అమ్మాయికీ ఐదో నెలకల్లా తెరిపి వచ్చింది. వేళకు తిండి, నీళ్లు, నిద్ర ఉండాలి. పూజ అయ్యేదాకా కడుపుతో ఉన్న పిల్లను ఖాళీ కడుపుతో కూర్చోబెట్టకండి, ఏ వ్రతమూ అంత కోరదు.

ఐదో నెల దాటాక కొత్తగా వచ్చిన తలనొప్పి వేరు. బీపీ చూసేదాకా దాన్ని మైగ్రేన్ అనుకోకూడదు. బీపీ 140/90 గానీ ఆపైన గానీ ఉండటం, మూత్రంలో ప్రొటీన్ పోవడం, డొక్కల కింద నొప్పి, ముఖం ఉబ్బడం గుర్రపువాతానికి (గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ రావడానికి) ముందు కనబడే గుర్తులు. కళ్ల ముందు మెరుపులు మైగ్రేన్‌లోనూ వస్తాయి, ఇందులోనూ వస్తాయి. అందుకే ఏళ్ల తరబడి మైగ్రేన్ ఉన్న పిల్లే ఎక్కువ మోసపోతుంది, "నాకిది అలవాటే" అని పడుకుండిపోతుంది. పైగా మైగ్రేన్ ఉన్నవాళ్లకు గర్భంలో బీపీ పెరిగే ముప్పు కొంత ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి.

కాన్పయ్యాకా జాగ్రత్త తప్పదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. వెన్నులో ఇచ్చిన మత్తు వల్ల, లేచి కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి కొందరికి వస్తుంది, దానికి చికిత్స ఉంది. పథ్యం పేరిట బాలింతకు నీళ్లు తగ్గించే అలవాటు ఇంకా పోలేదు. ఒంట్లో నీరు తగ్గితే మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. రోజురోజుకూ పెరిగే తలనొప్పి, ఫిట్స్, చెయ్యో కాలో పట్టు తప్పడం కనబడితే క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తున్నారు. వరస పెద్దది, డాక్టరుకు దొరికే సమయం చిన్నది, ఆ ఇబ్బంది అర్థం చేసుకోగలను. అయినా పేరు నమోదు చేసే రోజునే ఏఎన్ఎం "పార్శ్వపు నొప్పి ఉందా, ఏ మందు వాడుతున్నావు?" అని అడిగి మాతా శిశు రక్షణ కార్డు మీద రాయడానికి నిమిషం పట్టదు. తలనొప్పి అని వచ్చిన గర్భిణికి వచ్చే నెల దాకా ఆగమనకుండా ఆ పూటే బీపీ, మూత్ర పరీక్ష చేయాలి. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ ఈ మేరకు ఆదేశాలివ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల తల పట్టుకుని కూర్చుంటే, పెద్దవాళ్లు ముందు బీపీ చూపించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
తెనాలి