పొలిమేరకే పనికొచ్చిన సాక్షి

ఒక దొర మరో దొర కింది రైతును పొరపాటున చంపాడు. అప్పుడు న్యాయం ఏమిటి? చనిపోయినవాడికి తీసిపోని మరో రైతును తెచ్చి, నష్టపోయిన దొరకు అప్పగించాలి. నష్టపోయింది దొర. చట్టం చూసింది అంతవరకే. ఎద్దు చస్తే ఎద్దు, మనిషి చస్తే మనిషి. ఇది ఏ కోపిష్ఠి దొరో నోటికొచ్చినట్టు చెప్పిన తీర్పు కాదు. గ్రీసు దక్షిణాన ఉన్న పెలొపొనీసులో, పశ్చిమ ఐరోపా నుంచి వచ్చిన ఫ్రాంకు ప్రభువులు పద్నాలుగో శతాబ్దంలో కూర్చుకున్న న్యాయస్మృతిలోని నిబంధన. ఆ స్మృతి పేరు ‘రొమేనియా అసైజులు’. శిలువ గుర్తు భుజాన కుట్టుకుని దేవుడి పేరు చెప్పి బయల్దేరినవారి వారసులు, సాటి క్రైస్తవ రైతుకు కట్టిన వెల అది.

1204 ఏప్రిల్‌లో కాన్‌స్టాంటినోపుల్‌లో క్రూసేడర్లు జరిపిన మూడు రోజుల దోపిడీని ప్రపంచం మరచిపోలేదు. మరచిపోకూడదు కూడా. కానీ ఆ మూడు రోజుల తర్వాత మొదలైన రెండు వందల ఏళ్లను దాదాపు అందరూ వదిలేశారు. మా అభియోగం దాని మీదే. మంటలు ఆరిపోయాక, దోపిడీని చట్టంగా రాసి, ముద్ర వేసి, తరాల తరబడి నడిపించిన వ్యవస్థ మీద.

నాలుగో క్రూసేడు కథ అప్పుతో మొదలైంది. 33,500 మందిని ఓడల్లో చేరవేయడానికి 1201లో వెనిస్‌తో 85,000 వెండి మార్కులకు ఒప్పందం కుదిరింది. వచ్చినవాళ్లు అందులో సుమారు మూడో వంతే. అప్పు తీర్చే దారి లేక, వెనిస్ పాలకుడు, డోజు ఎన్రికో దాందొలో మాట ప్రకారం ముందు జారా అనే క్రైస్తవ నగరాన్ని కొట్టారు. తర్వాత, పదవి పోగొట్టుకున్న చక్రవర్తి కొడుకు ఒకడు 2,00,000 మార్కులు ఇస్తానంటే కాన్‌స్టాంటినోపుల్ దారి పట్టారు. ఇక్కడ గమనించాల్సింది ఒక తేదీ. నగరం పడింది ఏప్రిల్ 13న. సామ్రాజ్యాన్ని ఎవరెంత పంచుకోవాలో రాసుకున్న ఒప్పందం మార్చి నెలది. కొత్త చక్రవర్తికి పావు వంతు, మిగిలిన దాంట్లో సగం వెనిస్‌కు, సగం మిగతా క్రూసేడర్లకు. రోమను సామ్రాజ్యంలో పావూ అరపావు వాటాకు తానే ప్రభువునని వెనిస్ డోజు బిరుదు కూడా తగిలించుకున్నాడు. ఇల్లు కూలకముందే దూలాలు పంచుకున్న వీళ్లను, ఆవేశంలో అదుపు తప్పిన సైనికులని ఎలా నమ్మాలి?

ఆ రోజుల్లో అక్కడే ఉండి, చూసింది రాసిపెట్టిన పెద్ద అధికారి నికెటాస్ కోనియాటెస్. పరిచయమున్న ఒక వెనిస్ వ్యాపారి సైనికుడి వేషం కట్టి కాపలా కాయబట్టి ఆయన కుటుంబం బతికింది. ఏప్రిల్ 17న కాలినడకన ఊరు దాటారు. భార్య నిండు నెలలతో ఉంది. సైనికుల కళ్లు పడకుండా ఆడపిల్లల ముఖాలకు మట్టి పూశారు. అయినా ఒక న్యాయాధికారి కూతురిని దారిలో ఒక సైనికుడు ఎత్తుకుపోయాడు. కోనియాటెస్ వాడి వెంటపడి, తోటి సైనికుల కాళ్లావేళ్లా పడి, ఆ పిల్లను వెనక్కి తెచ్చుకున్నాడు.

కొంత దూరం పోయాక ఆయనకు ఇంకో దెబ్బ తగిలింది. థ్రేస్ పల్లెల జనం ఈ కాందిశీకులను చూసి జాలిపడలేదు, గేలి చేశారు. నిన్నటిదాకా పట్టుబట్టలు కట్టినవాళ్లు ఈరోజు చినిగిన గుడ్డలతో నడుస్తుంటే, ఇప్పటికి అందరం సమానమయ్యామని నవ్వారట. కోనియాటెస్‌కు అది నీచుల కృతఘ్నతగా తోచింది. మాకు అలా తోచడం లేదు. పన్నుల భారంతో నడుం విరిగిన పల్లెలవి. పన్ను అధికారుల దాష్టీకం గురించి ఆయన అన్న, ఏథెన్స్ మతాచార్యుడు మైకేల్ కోనియాటెస్ చక్రవర్తికే మొరపెట్టుకున్నాడు. ఆ పల్లెల నవ్వు వెనక న్యాయమైన కోపం ఉంది. ఆ కోపాన్ని తీర్చే పాలన వచ్చి ఉంటే ఫ్రాంకులను చరిత్ర మరోలా తలచుకునేది. వచ్చింది వేరు.

పెలొపొనీసును, అప్పటి మాటలో మొరేయాను, గెలిచింది కొన్ని వందల మంది. గాలివాటుకు మెథోనీ రేవుకు కొట్టుకొచ్చిన జఫ్రే ద విలార్దువాన్, అతని స్నేహితుడు గియోమ్ ద షాంప్లీత్ ఆ గుంపుకు నాయకులు. 1205లో కుందూరస్ ఆలివ్ తోట దగ్గర స్థానిక సేనలు ఓడాక దేశం చాలావరకు లొంగిపోయింది. అంత కొద్దిమంది అంత పెద్ద నేలను నిలబెట్టుకోవడం కత్తి ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. స్థానిక గ్రీకు భూస్వాములు, అంటే ఆర్కన్లు, బేరం కుదుర్చుకున్నారు. మా భూములు మాకు, మా మతం మాకు, మా ఆచారాలు మాకు అన్నారు. ఫ్రాంకులు ఒప్పుకున్నారు. భూముల పంపకానికి కూర్చున్నవాళ్లలో ఆర్కన్లూ ఉన్నారు. రైతు తరఫున ఎవరూ లేరు. ఈ నేరంలో గ్రీకు పెద్దల వాటాను దాచిపెట్టి ఫ్రాంకులనొక్కరినే బోనెక్కించడం మాకు ఇష్టం లేదు. తమ పొలం గట్టు పదిలంగా ఉంటే చాలనుకుని, ఆ గట్టు కింద చెమటోడ్చేవాడిని అప్పగించేశారు.

ఫ్రాంకులు రాకముందు, కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఏలిన బైజాంటియం కాలంలోనూ పారికులు ఉన్నారు. పరుల భూమిని దున్ని, శిస్తు కట్టి, చాకిరీ చేసిన రైతులు. వాళ్ల బతుకు పూలపాన్పు కాదు. కానీ చట్టం కంట వాళ్లు మనుషులే, స్వతంత్రులే. భూస్వామి అన్యాయం చేస్తే రాజ్యం న్యాయస్థానం మెట్లెక్కే దారి, పేరుకైనా, ఉండేది. భూస్వామి పైన ప్రభుత్వం ఉండేది. ఫ్రాంకులు తెచ్చిన మార్పు ఇక్కడ ఉంది. పన్ను, న్యాయం, శిక్ష అన్నీ ముక్కలు చేసి జాగీర్లతో పాటే పంచేశారు. పన్నెండు పెద్ద జాగీర్లు, వాటి కింద చిన్నవి. ప్రభుత్వమే దొరల సొంత ఆస్తి అయ్యింది. దొర మీద ఫిర్యాదు చేయాలంటే ఆ దొర కచేరీకే పోవాలి. స్వతంత్రుడైన రైతు ఒక్క తరంలో దొర ఇంటి సరుకుల పట్టీలోకి ఎక్కాడు.

అసైజులు చదువుతూ పోతే ఈ సంగతి ఎంత తాపీగా రాశారో చూసి ఒళ్లు మండుతుంది. రైతు కూతురి పెళ్లికి దొర అనుమతి కావాలి. పిల్లలు లేకుండా చనిపోతే ఆస్తి దొరది. బతికుండగా కూడా అతని సొత్తంతా దొర తీసేసుకోవచ్చు, పొట్ట గడవడానికి సరిపడా మాత్రం వదలాలి. ఆ మాత్రం వదలమన్నది దయతో కాదు. రైతు ఆకలితో పోతే జాగీరు విలువ పడిపోతుంది.

అన్నిటికంటే మమ్మల్ని వెంటాడే నిబంధన సాక్ష్యానికి సంబంధించినది. దొర మీద ప్రాణం పోయే, అవయవం పోయే నేరం మోపినప్పుడు అతని కింది తరగతి రైతు సాక్ష్యం చెల్లదు. జాగీరు పొలిమేరల తగాదాలో మాత్రం చెల్లుతుంది. ఆలోచించండి. ఆ చెట్టు దగ్గర మొదలై ఈ వాగు దాకా ఎవరి నేలో రైతుకు తెలిసినంతగా దొరకు తెలియదు. అందుకే అక్కడ అతని మాట కావాలి, అతని జ్ఞాపకం కావాలి. ముసలాడిని పిలిపించి పొలిమేర రాళ్ల వెంట నడిపిస్తారు, అతను చూపించిన చోటే హద్దు. అదే ముసలాడు తన కళ్లెదుట దొర ఒకడిని నరికేయడం చూశానంటే వినే చెవి లేదు. అతను అబద్ధాలకోరని చట్టం అనడం లేదు. నిజం చెబుతాడని దానికి తెలుసు కాబట్టే పొలిమేర దగ్గర నమ్మింది. తెలిసీ నోరు నొక్కింది.

చర్చి అడ్డుపడలేదా? పడింది, తన ఆదాయం కోసం. చర్చి ఆస్తుల మీద విలార్దువాన్ల ఇంటితో లాటిను, అంటే రోము చర్చి, మతాధికారులకు ఏళ్ల తరబడి గొడవ నడిచింది. జప్తు చేసిన చర్చి రాబడితోనే క్లెమూత్సీ కోట లేచింది. 1223లో రాజీ కుదిరింది. ఆ రాజీలో గ్రీకు పూజారులు కూడా లెక్కకొచ్చారు. 25 నుంచి 70 ఇళ్లున్న ఊరికి ఇద్దరు పూజారులకే దొర చాకిరీ నుంచి మినహాయింపు. మించినవాళ్లు ఊరి జనంతో పాటే దొరకు పని చేయాలి. పీఠం ఎక్కి ప్రార్థన చెప్పేవాడు ఎవరు, వెట్టికి పోయేవాడు ఎవరు అన్నది ఇళ్ల లెక్కతో తేల్చారు.

సైప్రస్ సంగతి ఇంకా పాతది. ఇంగ్లండు రాజు రిచర్డ్ 1191లో ఆ దీవిని గెలిచి, టెంప్లార్లనే క్రూసేడు యోధ సన్యాసులకు 1,00,000 బెజాంట్ల నాణేలకు బేరం పెట్టాడు. మరుసటి ఏడాదికి అది లూసిన్యాన్లనే ఫ్రెంచి దొరల ఇంటి చేతికొచ్చింది. జనంతో సహా దేశాన్ని సంతలో సరుకులా చేతులు మార్చారు. అక్కడి పారికులు పంటలో మూడో వంతు ఇచ్చి, వారానికి రెండు రోజులు దొర పొలంలో వెట్టి చేసేవారు. లాటిను ఆచారాన్ని తప్పుబట్టినందుకు కంతారా మఠానికి చెందిన పదముగ్గురు సన్యాసులను 1231లో చంపారు. 1260 నాటి పోపు శాసనం గ్రీకు బిషప్పుల పీఠాలను పద్నాలుగు నుంచి నాలుగుకు కుదించి, లాటిను ఆర్చిబిషప్పు కింద పెట్టింది. భాషా దెబ్బతింది. ఫ్రెంచి వచ్చి పడి తమ గ్రీకు సంకరమైపోయిందని, తాము మాట్లాడేది ఏ భాషో లోకానికే తెలియకుండా పోయిందని పదిహేనో శతాబ్దపు చరిత్రకారుడు లియోంటియోస్ మకైరాస్ బాధపడ్డాడు. ఆయన దొరల కొలువులో పనిచేసినవాడే.

1426లో ఈజిప్టును ఏలే మామ్లూకులు సైప్రస్ రాజు జానస్‌ను చెరపట్టగానే ఆ దీవి రైతులు ధాన్యపు కొట్లు బద్దలుకొట్టారు. అలెక్సిస్ అనే తమలో ఒకడిని రాజుగా ఎత్తుకున్నారు. 1427లో అతన్ని పట్టుకుని నికోసియాలో ఉరితీశారు. మకైరాస్ ఆ తిరుగుబాటును పాపంగానే రాశాడు. రెండు వందల ముప్పై ఏళ్లకు పైగా చేసిన వెట్టిని ఏ పేరుతో పిలవాలో మాత్రం ఆయన చెప్పలేదు.

ఫ్రాంకుల పక్షాన వినిపించే వాదన ఒకటుంది. కాలక్రమంలో కలిసిపోయారు కదా అంటారు. నిజమే, మొరేయాను ఏలిన రెండో గియోమ్ ద విలార్దువాన్ అక్కడి కలమాతాలో పుట్టాడు, గ్రీకు మాట్లాడాడు. ఆర్కన్లలో కొందరు నైట్లయ్యారు. ఫ్రాంకుల ఘనత పాడే మొరేయా చరిత్రకు గ్రీకు పద్యంలోనూ రూపం ఉంది. జర్మను కవి గ్యోథే తన ‘ఫౌస్ట్’ రెండో భాగంలో నాయకుడిని పెలొపొనీసులో ఒక మధ్యయుగ కోటకు అధిపతిగా నిలబెట్టాడు. ఈ కలయిక అంతా మేడ మీద జరిగింది. కింద ఏం జరిగిందన్నదే మా ప్రశ్న. కోరింత్ భూసంధి దగ్గర పద్నాలుగో శతాబ్దం మొదట్లో నైట్ల పోటీలు పెట్టారు. వెయ్యి మందికి పైగా రౌతులు, ఇరవై రోజుల సంబరం. ఆ గుర్రాలకు గడ్డి, ఆ విందులకు గోధుమ, మాంసం, వైన్ ఎవరి కళ్లం నుంచి, ఎవరి దొడ్డి నుంచి వచ్చాయో ఊహించడానికి చరిత్రకారుడే కానక్కర్లేదు.

2001 మే 4న పోప్ రెండో జాన్ పాల్ ఏథెన్స్‌కు వచ్చి, ఆర్థొడాక్సు క్రైస్తవులకు కేథలిక్కులు చేసిన పాపాలకు దేవుడి క్షమాపణ వేడుకున్నాడు. కాన్‌స్టాంటినోపుల్ దోపిడీని పేరెత్తి చెప్పి విచారం తెలిపాడు. 2004లో ఇద్దరు సాధువుల అస్థికలను రోము నుంచి ఇస్తాంబుల్‌కు తిరిగి ఇచ్చారు. ఆ పెద్దమనసును తక్కువ చేయడం లేదు. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత తల వంచడం చిన్న విషయం కాదు. కానీ ఆ క్షమాపణ నగరానికి, చర్చికి చేరింది. గోడలున్నవాటికి, గంటలున్నవాటికి చేరింది. పొలంలో ఉన్నవాడి దాకా రాలేదు. క్రూసేడు అంటే ఇప్పటికీ కోటలు, కవచాలు, గుర్రాలే మన పిల్లలు చదివే కథల్లో కనిపిస్తాయి. ఆ కథలను సరిదిద్దాలి. క్లెమూత్సీ, మిస్త్రా కోటల గురించి చెప్పే ప్రతి పుస్తకం, ప్రతి పాఠం ఆ అసైజులను కూడా చెప్పాలి. 1204 గురించి విచారం తెలిపే ప్రతి వేదిక మీద పారికుల మాట రావాలి.

రావడానికి ఆధారాలు లేవని ఎవరూ తప్పించుకోలేరు. నేపుల్స్ కొలువులో పెద్ద పదవి చేసిన ఫ్లారెన్స్‌వాసి నికొలో అచ్చయువోలికి మొరేయాలో ఎస్టేట్లుండేవి. వాటి లెక్కల కోసం అతని గుమాస్తాలు ఊరూరా పట్టీలు రాశారు. ఇంటి పెద్ద పేరు, భార్య, కొడుకులు, ఉన్న ఎద్దులు, ఏటా కట్టాల్సిన శిస్తు. కొందరికి ఎద్దు లేదని రాసి ఉంటుంది. ఆ పట్టీలను లొంగ్నాన్, టాపింగ్ అనే చరిత్రకారులు 1969లో పారిస్‌లో అచ్చువేశారు. క్షమాపణ చెప్పదలచినవారు ఆ పేజీలు తెరవాలి. పేర్లు ఊరి వరుసలో ఉన్నాయి.