మన ఊరు టాపిక్ కాదన్నది ఎవరు?

జై ఆదివాసీ.  

డిగ్రీ ప్రాజెక్టుల టైమ్ వచ్చింది. హాస్టల్‌లో ఏ రూముకు పోయినా ఒకటే మాట: "టాపిక్ దొరకట్లేదు." చివరికి ఏం రాస్తున్నాం? "విద్యార్థులపై సెల్‌ఫోన్ ప్రభావం." సీనియర్ల ఫైలుకు అట్ట మార్చి, పేరు మార్చి ఇచ్చేస్తున్నాం. భద్రాచలం అడవి పక్కన పుట్టినోళ్లకు టాపిక్ కరువా?

2014లో పోలవరం కోసం మన ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రలో కలిపారు. భద్రాచలం పట్నం తెలంగాణలో, దాన్ని ఆనుకొని ఉన్న ఎటపాక ఆంధ్రలో. చుట్టాలు అటూ ఇటూ ఉన్నారు. ఆ గీత వల్ల ఒక్క ఊర్లో, ఒక్క కుటుంబంలో ఏం మారింది? అది టాపిక్ కాదా?

ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇప్పుడు మీ ఊరి బడిలో కోయ మాట వచ్చిన టీచర్ ఉన్నారా? ఇంట్లో కోయ మాట్లాడే ఒకటో తరగతి పిల్లకు బడిలో తెలుగు పాఠం ఎంత అర్థమవుతోంది? 1/70 చట్టం ఉండగా మీ మండల కేంద్రంలో రోడ్డు పక్క షాపులు ఎవరి చేతుల్లో ఉన్నయ్? ఇవి టాపిక్‌లు కావా?

మా క్లాసులో ఒక చెల్లె తన ఊరి విత్తనాల పండుగ మీద రాస్తానంటే, "రిఫరెన్స్ పుస్తకాలు లేవు, వేరేది చూసుకో" అన్నారు. వియన్నా నుంచి వచ్చిన హైమెన్‌డార్ఫ్ పాపికొండల్లో కొండరెడ్ల మధ్య ఉండి, వాళ్లు చెప్పింది రాసుకొని 1945లో పుస్తకం వేశారు. ఆయన్ను నేను తప్పుపట్టను. కానీ మన తాత మాట ఆయన రాస్తే రిఫరెన్స్, మనం రాస్తే ముచ్చటా? అటవీ హక్కుల చట్టం నియమాల్లో 13వ నియమం చూడండి. పెద్దల మాటను రాతలో పెడితే పోడు హక్కుకు సాక్ష్యంగా తీసుకోవచ్చని ఉంది. చట్టానికి పనికొచ్చిన మాట ప్రాజెక్టుకు పనికిరాదా?

మనోళ్లకూ ఒక మాట. "గిరిజన సంస్కృతి, సంప్రదాయాలు" అని కొమ్ము కోయ నాట్యం ఫోటో అంటించి, నెట్‌లో దొరికింది ఇరవై పేజీలు నింపడం కూడా కాపీనే. అందులో మీ ఊరు ఎక్కడుంది?

ఒక ఊరు, ఒక ప్రశ్న, పదిహేను ఇండ్లు. అంతే చాలు. అడిగి రాయండి. వద్దన్నోళ్ల పేర్లు రాయొద్దు, పోడు కేసులున్నోళ్ల పేర్లు అసలే రాయొద్దు. కోయ మాటలను కోయలోనే ఉంచి పక్కన అర్థం రాయండి. అయిపోయినాక ఊర్లో కూర్చోబెట్టి చదివి వినిపించండి. తప్పుంటే వాళ్లే దిద్దుతారు. ఏ గైడూ అంత బాగా దిద్దలేడు.

మార్కులు తగ్గుతాయని భయపడొద్దు. వైవాలో సెల్‌ఫోన్ మీద ఎవరైనా ప్రశ్నలడగొచ్చు. మన ఊరి మీద మనకంటే ఎక్కువ తెలిసినోళ్లు ఆ టేబుల్ అవతల ఉండరు.

మనం రాయకపోతే మన గురించి రాతలు ఆగవు. సర్వేలు, కోర్టు కాగితాలు, ప్రాజెక్టు రిపోర్టులు వస్తూనే ఉంటాయి. రాసేటోళ్లే వేరే ఉంటారు.

కింద మీ ఊరి పేరు, మీ ప్రశ్న ఒక్క లైన్‌లో పెట్టండి. నాది: "మా ఊర్లో పోడు చేస్తున్న ఇండ్లెన్ని, పట్టా వచ్చినవి ఎన్ని, రానివి ఎందుకు రాలేదు?"

జై ఆదివాసీ.