పేగుపూతకు దిగులే కారణమా?

నెలల తరబడి నెత్తురు, జిగురుతో విరేచనాలవుతున్న మనిషికి మన ఇళ్ళలో వినిపించే మాటలు రెండు: "ఒంటికి వేడి చేసింది", "దిగులు పెట్టుకున్నావు, అందుకే ఈ జబ్బు". పేగుపూత పరిశోధనలలో 'హీట్ షాక్ ప్రోటీన్లు', 'స్ట్రెస్ ప్రోటీన్లు' అనే పేర్లు వినవస్తున్నందున, ఆ రెండు మాటలనూ విజ్ఞానశాస్త్రం సమర్థించినదని పొరబడే అవకాశమున్నది. నిజానికి ఆ ప్రోటీన్ల కథ వేరు.

1962లో ఇటలీ శాస్త్రజ్ఞుడు ఫెరూచియో రిటోస్సా, పండ్లపై ముసిరే చిన్న ఈగల కణాలకు వేడి తగిలినప్పుడు వాటి క్రోమోజోములలో కొన్నిచోట్ల ఉబ్బులు ఏర్పడటం గమనించాడు. అక్కడి జన్యువులు తయారుచేయించే ప్రోటీన్లను 1974లో గుర్తించారు. తొలుత వేడి వల్ల బయటపడినందున ఆ పేరు నిలిచిపోయింది. వేడి ఒక్కటే కాదు. వాపు, విషపదార్థాలు, ప్రాణవాయువు కొరత వంటి ఏ కష్టం కలిగినా కణం వీటిని ఉత్పత్తి చేసుకుంటుంది. ఇతర ప్రోటీన్ల ఆకృతి చెడకుండా కాపాడటం వీటి పని. ఇక్కడ 'స్ట్రెస్' అంటే కణానికి కలిగిన కష్టమే గాని, మనసులోని దిగులు కాదు.

అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వ్యాధులలో రోగనిరోధక శక్తి అదుపు తప్పి పేగుగోడ వాచిపోతుంది. హెచ్.ఎస్.పి.70 వంటి ప్రోటీన్లు ఆ గోడను కాపాడుతాయని ఎలుకలపై ప్రయోగాలు సూచించాయి. మానసిక ఆందోళన ఉన్న బాధను పెంచవచ్చును. అంతమాత్రాన "నీ మనసే నీ జబ్బు" అని రోగిని నిందించడం అన్యాయం.

మరి వంటింటికి ఇందులో పాత్ర లేదా? ఉన్నది. పప్పులు, కూరలు, పండ్లలోని పీచును పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టగా బ్యూటిరేట్ అనే ఆమ్లం పుడుతుంది. అది పేగు కణాలకు ఆహారం. ప్రయోగశాలలో కొన్ని స్ట్రెస్ ప్రోటీన్లను పెంచినది కూడా. అయితే వ్యాధి ఉద్రేకించినప్పుడూ, పేగు సన్నబడినప్పుడూ పీచు ఎక్కువైతే హాని. అప్పుడు వైద్యుని సలహాయే ప్రమాణం.

చరక సంహితలో గ్రహణీరోగానికి ప్రత్యేకించి ఒక అధ్యాయమున్నది. మజ్జిగ గుణాలను అందులో ప్రశంసించారు. కాని ఆయుర్వేదం సైతం ముందు రోగనిర్ణయం, పిమ్మట చికిత్స అంటుంది. అమీబా, మొలలు, పేగుల క్షయ, పేగుపూత వీటిలో ఏదో పరీక్షలతోనే తేలుతుంది. మజ్జిగతోనో, కుటజారిష్టంతోనో నెలలు గడిపితే రక్తహీనత ముదురుతుంది. పెద్దపేగులో పూత ఏళ్ళ తరబడి సాగితే క్యాన్సర్ ముప్పూ పెరుగుతుంది. మలంలో నెత్తురు కనబడితే వెంటనే వైద్యుని చూడాలి. ఆయన ఇచ్చిన మందులను సొంతంగా మానరాదు. వంటిల్లు వైద్యానికి తోడు కావలెనే గాని బదులు కారాదు.